ఇసుకలో దొరికిన గుండు: తీరం తెలుగువారికి ఎవరు చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి?

2023 సెప్టెంబరు ఆఖరులో విశాఖ వైఎంసీఏ బీచ్‌కు ఒక పెద్ద చెక్కపెట్టె లాంటిది కొట్టుకొచ్చింది. చూస్తుండగానే జనం పోగయ్యారు. నిధి అన్నవాళ్లు కొందరు, బ్రిటిష్ కాలం నాటి పెట్టె అన్నవాళ్లు కొందరు, బాంబు అన్నవాళ్లు కొందరు. పోలీసులు జనాన్ని వెనక్కి జరిపి కాపలా పెట్టారు, బాంబ్ స్క్వాడ్‌ను రప్పించారు, పురావస్తు శాఖకు కబురు పెట్టారు. తీరా తేలిందేమిటంటే అది దుంగల దిమ్మె. ఆ తర్వాత రెండు మూడు రోజులు ఫోన్లలో ఒకటే జోకులు.

నిజానికి అందులో నవ్వడానికి ఏమీ లేదు. ఏదో తెలియని వస్తువు ఒడ్డుకొచ్చింది, ఎవరూ దాన్ని పగలగొట్టలేదు, ఎవరూ ఇంటికి లాక్కుపోలేదు, తెలిసినవాళ్లు వచ్చి చూసేదాకా ఆగారు. అంతకంటే కావలసింది ఏముంది? అయితే అది విశాఖ. బీచ్ రోడ్డు మీద పోలీసులుంటారు, నౌకాదళం ఉంటుంది, టీవీ కెమెరాలు ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ పోలీసు మాట్లాడే భాషా జాలరి మాట్లాడే భాషా ఒకటే.

ఇప్పుడు అదే దృశ్యాన్ని ఒడిశా గంజాం జిల్లా తీరానికి తీసుకెళ్లి చూడండి. గోపాలపూర్, ఆర్జిపల్లి, గోలాబంధ, సోనాపూర్, రామయ్యపట్నం (మన ప్రకాశం, నెల్లూరు వాళ్లు పొరబడకండి, ఇది ఒడిశా రామయ్యపట్నం) ఊళ్లలో తెల్లవారుజామున వల లాగేవాళ్లలో అత్యధికులు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఒడియావాళ్లు వాళ్లను నోలియాలు అంటారు. పూరీలో పెంటకోట కూడా అలాంటిదే, ఆ రాష్ట్రంలోని అతి పెద్ద జాలరి వాడల్లో ఒకటి. ఇసుకలో తుప్పు పట్టిన, బరువైన, కొసన కోసుగా ఉన్న ఇనుప ముద్ద ఒకటి కాలికి తగిలితే అక్కడి మనిషి ముందుగా ఏం చేస్తాడు? చేతిలోకి తీసుకుని బరువు చూస్తాడు. రాయితో గీకి చూస్తాడు. పచ్చగా మెరిస్తే ఇత్తడి, ఎర్రగా మెరిస్తే రాగి. ఆ రెండింటిలో ఏది కనిపించినా ఆ పూట వేటలో దొరకని డబ్బు అందులో కనిపిస్తుంది.

అసలు ప్రమాదం ఆ గీకి చూడటంలోనే ఉంది.

ఈ గుండ్లు ఎక్కడివి?

మన తీరాలకు యుద్ధం రాలేదనే నమ్మకం చాలామందిలో ఉంది. ఐరోపా అంతగా రాలేదన్న మాట నిజమే, కానీ బొత్తిగా రాకుండా పోలేదు.

1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవు ముందుకొచ్చి నూట పాతిక దాకా ఫిరంగి గుండ్లు పేల్చింది. బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులు తగలబడ్డాయి. హైకోర్టు ప్రహరీ గోడ దగ్గర ఆ సంగతి చెప్పే ఫలకం ఇప్పటికీ ఉంది. గడుసువాడినీ గట్టివాడినీ తమిళంలో ‘ఎమ్డెన్’ అనడం అప్పటి నుంచే. చెన్నైలో పుట్టి పెరిగిన మన తెలుగువాళ్ల నోళ్లలో కూడా ఆ మాట వినిపిస్తుంది.

1942 ఏప్రిల్ 6న మరో దెబ్బ తగిలింది. ర్యుజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. వాటిలో పేలని బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది, బీచ్ రోడ్డుకు వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి. అయితే ఊళ్ల మీద పడ్డ బాంబులు ఆ రోజు కథలో చిన్న భాగమే. అదే రోజు జపాన్ క్రూయిజర్లు బంగాళాఖాతంలో సరుకు ఓడలను వరసపెట్టి ముంచేశాయి. ఆ కొద్ది రోజుల్లో మునిగిన ఓడలు ఇరవైకి పైనే. మాల్దా, ఆటోలికస్ లాంటివి ఒడిశా తీరానికి ఎదురుగానే పోయాయి. ఆ కాలంలో సరుకు ఓడల మీద కూడా ఆత్మరక్షణకు తుపాకులు, వాటి గుండ్లు ఉండేవి. ముంచిన గుండ్లూ మునిగిన గుండ్లూ ఎనభై ఏళ్లుగా ఆ అడుగునే ఉన్నాయి.

యానాం వాళ్లకు కాకినాడ బాంబుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ముప్పై కిలోమీటర్ల దూరం. అప్పట్లో యానాం ఫ్రెంచి పాలనలో ఉండేది, గౌతమికి ఇవతల ఒక దొర, అవతల ఒక దొర. ఆకాశం మాత్రం ఒకటే.

ముంబయి కథ వేరు. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలింది. అందులో పత్తి బేళ్లు, బంగారు కడ్డీలు, వాటితో పాటు సుమారు 1400 టన్నుల మందుగుండు ఉన్నాయి. వందలాది మంది చనిపోయారు, వారిలో అగ్నిమాపక దళం వాళ్లు అరవై మందికి పైగా ఉన్నారు. ఏటా ఏప్రిల్ 14న దేశమంతా అగ్నిమాపక దినం జరుపుకునేది అందుకే. తర్వాత దశాబ్దాల పాటు రేవులో పూడిక తీస్తుంటే అప్పుడొకటి అప్పుడొకటి బంగారు కడ్డీలు బయటపడ్డాయని ముంబయి తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్లు కథలు కథలుగా చెబుతారు. బంగారం కథ అందరికీ గుర్తుంది. 2011 అక్టోబరులో అక్కడే 45 కిలోల పేలని గుండు బయటపడ్డ సంగతి గుర్తున్నవాళ్లు తక్కువ.

1971 డిసెంబరులో విశాఖ ఎదుట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ శిథిలం కూడా అక్కడే ఉంది. సినిమా వచ్చాక దాని గురించి అందరికీ తెలిసింది కాబట్టి పొడిగించను.

సముద్రం ఒక్కటే కాదు, ఇంకో దారి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఒడిశా, బెంగాల్ తీర జిల్లాల్లో సైనిక విమానాశ్రయాలు పుట్టగొడుగుల్లా లేచాయి. మయూర్‌భంజ్ జిల్లాలోని అమర్దా రోడ్, బరంపురం పక్కన రంగేయిలుండ అలాంటివే. అమర్దాలో వైమానిక యుద్ధ శిక్షణ నడిచేది. 2024 జూన్ ఆఖరున పశ్చిమ బెంగాల్ ఝార్‌గ్రామ్ జిల్లా భూలన్‌పూర్ గ్రామంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబు బయటపడితే ఊరివాళ్లను దూరంగా పంపి, వైమానిక దళం సాయంతో పేల్చేశారు. ఆ ముక్క సాక్షాత్తూ ముఖ్యమంత్రే ప్రకటించారు. ఒడిశా సరిహద్దుకు అది కూతవేటు దూరం.

ఇవి కాక నేటి గుండ్లు ఉన్నాయి. గోపాలపూర్ దగ్గర సైన్యపు వైమానిక రక్షణ కళాశాల ఉంది, దాని కాల్పుల మైదానం సముద్రం వైపు తెరుచుకుని ఉంటుంది. కాల్పులు జరిగే రోజుల్లో జాలర్లను ఆ నీళ్లలోకి వెళ్లనివ్వరు. ఎన్నాళ్లో ఉప్పునీళ్లలో నాని ఒడ్డుకు చేరిన గుండు 1942ది అయినా 2002ది అయినా చూడటానికి ఒకేలా ఉంటుంది. దానికి తెలిసిన సంవత్సరం మనకు తెలియదు.

చూసి చెప్పగలమా?

కొంతవరకు చెప్పొచ్చు. ఆ కొంతవరకే మన కొంప ముంచుతుంది.

ఫిరంగి గుండు అడుగుభాగానికి కాస్త పైన చుట్టూరా ఒక రాగి పట్టీ ఉంటుంది. ఫిరంగి గొట్టం లోపలి మెలిక గాళ్లు ఆ పట్టీని ఒరుసుకునే గుండును గిరగిరా తిప్పుతాయి. కాబట్టి పట్టీ మీద ఏటవాలు గాట్లు పడి ఉంటే ఆ గుండు ఒకసారి ఫిరంగిలోంచి బయటికొచ్చిందని అర్థం. తుక్కు ఇనుము వ్యాపారంలో ఆరితేరినవాళ్లు ఈ గాట్లు చూపించి ‘ఇది కాల్చేసిందే, భయం లేదు’ అంటారు. మందుగుండు నిపుణుడు అవే గాట్లు చూసి పది అడుగులు వెనక్కి వేస్తాడు. కాల్చింది వేరు, పేలింది వేరు. గొట్టంలోంచి దూసుకొచ్చేటప్పటి అదురుకు, తిరుగుడుకు లోపలి ఫ్యూజ్ మేలుకుంటుంది, అలాగే తయారుచేస్తారు. మేలుకుని కూడా ఏ కారణం చేతనో పేలకుండా ఆగిపోయిన గుండు, పెట్టెలో నుంచి తీయని గుండు కంటే చాలా ప్రమాదకరం. మనవాళ్లు ధైర్యం తెచ్చుకునే గుర్తే నిజానికి భయపడవలసిన గుర్తు.

తూటాల విషయం కాస్త నయం. ఇసుకలో దొరికే పాత ఇత్తడి తొడుగుల్లో ఎక్కువ భాగం 303 రైఫిల్‌వి. అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, అంచు మీద అక్షరాలు చెక్కి ఉంటాయి. పుణె పక్కన ఖడ్కీలో తయారైనవాటి మీద కె, ఎఫ్ అక్షరాలు, సంవత్సరం అంకెలు కనిపిస్తాయి. నోరు తెరుచుకుని, అడుగున మధ్యలో సూదిదెబ్బ పడినట్టు గుంట ఉంటే అది ఖాళీ తొడుగే. మహారాష్ట్ర తెలుగు కుర్రాళ్లలో ఇవి పోగుచేసే సరదా ఉన్నవాళ్లున్నారని తెలుసు. కానీ తూటా ఒంటరిగా రాదు. ఖాళీ తొడుగు దొరికిన ఇసుకలో చెయ్యి పెట్టి తవ్వుకుంటూ పోతే తర్వాత దొరికేది ఖాళీది అవుతుందన్న హామీ ఏమీ లేదు.

పగిలిన తొడుగుల్లోంచి కార్డైట్ అనే మందు బయటికొస్తుంది. గోధుమరంగులో, సేమ్యా పుల్లల్లా ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడైనా పిల్లలకు అది దొరికితే చేసే పని ఒకటే, అగ్గిపుల్ల గీయడం.

గట్టిగా చెప్పవలసింది తెల్ల భాస్వరం గురించి. జర్మనీలో ఉసెడోమ్ అనే దీవి ఉంది, బాల్టిక్ సముద్రంలో. అక్కడి ఒడ్డున అంబర్ రాళ్లు దొరుకుతాయి, తేనెరంగు, ఏరుకుని నగల్లో పొదుగుతారు. యుద్ధకాలపు దహన బాంబుల్లోంచి బయటపడ్డ భాస్వరపు ముక్కలు కూడా అచ్చం అలాగే ఉంటాయి. తడిగా ఉన్నంతసేపు ఏమీ కాదు. జేబులో వేసుకున్నాక, ఒంటి వేడికి ఆరగానే, దానంతట అదే అంటుకుంటుంది. 1300 డిగ్రీల దాకా మంట. అలా తొడలు కాలినవాళ్ల కేసులు ఆ తీరంలో ఎన్నో. అందుకే అక్కడ ఏరిన రాయిని జేబులో కాదు, డబ్బాలో వేసుకోమని బోర్డులు పెట్టారు. 1995లో స్కాట్లాండ్ పడమటి తీరానికి భాస్వరం గొట్టాలు వేల సంఖ్యలో కొట్టుకొచ్చాయి. అక్కడ సముద్రంలో బ్యూఫోర్ట్స్ డైక్ అనే లోతైన లోయ ఉంది, బ్రిటన్ మిగిలిపోయిన మందుగుండును పది లక్షల టన్నులకు పైగా అందులో పడేసింది. జర్మనీ నీళ్లలో 16 లక్షల టన్నులు ఉందని లెక్క.

మన తీరంలో ఆ స్థాయి లేదు. ఉందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ వాళ్లకు బోర్డు ఉంది, మనకు లేదు.

‘ఎనభై ఏళ్లయింది, ఉప్పునీళ్లలో చచ్చిపోయి ఉంటుందిలే’ అనే మాట ప్రతి ఊళ్లోనూ వింటాం. ఉప్పునీళ్లు ఇనుమును తింటాయి. లోపలి టీఎన్‌టీ నీళ్లలో పెద్దగా కరగదు. 2024లో నార్వే పరిశోధకులు రెండో ప్రపంచ యుద్ధపు గుండ్లలోని అమటాల్ అనే మందును తీసి పరీక్షించి, కాలం గడిచేకొద్దీ అది దెబ్బకు మరింత సులువుగా పేలే స్థితికి వచ్చిందని తేల్చారు. ఇక జపాన్ వాళ్లు వాడిన పిక్రిక్ ఆమ్లం లోహంతో కలిసి ఏర్పరిచే లవణాలు ఒరిపిడికే పేలతాయి. ముసలిదైన గుండు ముసలిదైన పాము లాంటిది కాదు, కోరలు ఊడవు.

తుక్కు కొట్టు దాకా

ఒడిశాలో కబాడీ అంటాం, చెన్నైలో కాయలాన్ కడై, ముంబయిలో భంగార్‌వాలా, బెంగళూరులో గుజరీ. పేరేదైనా తూకం ఒకటే, ప్రశ్నలు అడగరు. తీరంలో దొరికిన లోహం ఆ కొట్టుకు చేరడం ఒక రోజు పని. అక్కడి నుంచి కరిగించే కొలిమికి.

2004 సెప్టెంబరు 30న ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లోని ఉక్కు కర్మాగారంలో తుక్కులో కలిసి వచ్చిన గుండ్లు పేలి పదిమంది కూలీలు చనిపోయారు. ఆ తుక్కు పశ్చిమాసియా యుద్ధభూముల నుంచి వచ్చింది. ఆ తర్వాత దిగుమతి తుక్కును రేవుల్లోనే తనిఖీ చేసే నిబంధనలు బిగించారు. విదేశీ తుక్కుకు రేవులో తనిఖీ ఉంది. మన ఇసుకలో ఏరిన తుక్కుకు ఏ తనిఖీ? సుత్తి పట్టుకున్న కుర్రాడే తనిఖీ.

వలస కూలీల పిల్లలు ఈ తుక్కు కొట్లలో పని చేస్తారు. బెంగళూరు, పుణె, ముంబయి సంఘాల పెద్దలు ఇది సముద్రం లేని ఊరి సమస్య కాదనుకోవద్దు. తుక్కు లారీ ఎక్కి ఎంత దూరమైనా వస్తుంది.

భాష సంగతి

2025 మే 25న కొచ్చి దగ్గర ఎమ్‌ఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ మునిగింది. 640కి పైగా కంటైనర్లు, వాటిలో కొన్నింటిలో నీరు తగిలితే మండే వాయువు పుట్టించే కాల్షియం కార్బైడ్. కంటైనర్లు కొల్లం, తిరువనంతపురం తీరాలకు కొట్టుకొచ్చాయి. కేరళ విపత్తు నిర్వహణ సంస్థ చెప్పింది మూడు ముక్కలు: ముట్టుకోవద్దు, కనీసం 200 మీటర్ల దూరంలో ఉండండి, 112కు ఫోన్ చేయండి. మలయాళంలో, తిరుగులేని మాటల్లో, గంటల్లోనే తీరమంతా తెలిసిపోయింది. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసింది ఆ క్లుప్తత, ఆ వేగం.

అదే హెచ్చరిక గంజాం తీరంలో వెలువడితే ఒడియాలో వస్తుంది. తమిళనాడులో తమిళంలో వస్తుంది. అది సహజమే, తప్పుపట్టను. అయితే భాషా అల్పసంఖ్యాకుల కోసం కేంద్రం, రాష్ట్రాలు ఒప్పుకున్న రక్షణల్లో ఒకటి మనవాళ్లు తరచూ మరిచిపోతారు: ఒక జిల్లాలో గానీ, తాలూకా, మున్సిపాలిటీ వంటి అంతకంటే చిన్న పరిధిలో గానీ అల్పసంఖ్యాక భాష మాట్లాడేవాళ్లు 15 శాతం లేదా అంతకు మించి ఉంటే ముఖ్యమైన నియమాలు, నోటీసులు ఆ భాషలో కూడా ప్రచురించాలి. దీని అమలును చూడటానికే రాజ్యాంగం 350బి అధికరణం కింద ఒక కమిషనర్ ఉన్నారు. ఇంతవరకు మన సంఘాలు ఈ నియమాన్ని బడుల కోసం, పాఠ్యపుస్తకాల కోసం, ఉపాధ్యాయుల పోస్టుల కోసం పట్టుకున్నాయి. ప్రాణరక్షణ నోటీసు కోసం పట్టుకుంటే ఏ కలెక్టరూ కాదనడం కష్టం. ‘తెలుగు బడి కావాలి’ అంటే ఒడియా, తమిళ మిత్రుల్లో కొందరికి రాజకీయం కనిపిస్తుంది. ‘గుండు ముట్టుకోవద్దని మా భాషలో రాయండి’ అంటే ఎవరికి ఏం కనిపిస్తుంది?

ఇక్కడే మనం మనతో నిజాయితీగా ఉండాలి. తెలుగులో బోర్డు పెట్టించినంత మాత్రాన పని జరిగిపోదు. పెంటకోటలో, గోపాలపూర్‌లో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు బడిలో చదివేది ఒడియా. తెలుగు అక్షరం రానివాళ్లు వాళ్లలో చాలామంది. పెద్దవాళ్లలో ఏ అక్షరమూ రానివాళ్లు ఉన్నారు. కాబట్టి కావలసింది బొమ్మ, దాని కింద రెండు లిపుల్లో నాలుగు ముక్కలు, వాటికంటే ముందు మాట. గంగమ్మ గుడి మైకులో, సంతలో, వలలు అల్లుకునే చోట తెలుగులో చెప్పే మాట. వాడపెద్ద చెబితే వినేవాళ్లు అధికారి చెబితే వినరు. ఇది తెలియక అచ్చు కాగితాలు పంచి ఫొటో దిగి వెళ్లిపోయే కార్యక్రమాలు మనం ఇప్పటికే చాలా చూశాం.

యానాంది తిరగేసిన చిక్కు. అక్కడ తెలుగుదే మెజారిటీ, తెలుగులో నోటీసుకు అడ్డేమీ లేదు. కానీ పాలన పుదుచ్చేరి నుంచి, దాదాపు 870 కిలోమీటర్ల అవతలి నుంచి. గోదావరి పాయలో ఏదైనా దొరికితే అక్కడి నుంచి నిపుణులు వచ్చేదాకా కాపలా కాయాలా, పక్కనున్న కాకినాడ నుంచి రప్పించుకోవాలా? వస్తువు దొరికిన రోజున తేల్చుకునే ప్రశ్న కాదిది, ఇప్పుడే రాతపూర్వకంగా తేల్చి ఉంచుకోవాలి.

పోలీసంటే భయం

దొరికినవాడు చెప్పకపోవడానికి డబ్బు ఒక కారణం. రెండోది భయం, నా లెక్కలో అదే పెద్దది. ‘ఎక్కడ దొరికింది, ఎందుకు ముట్టుకున్నావు, ఇంకెవరున్నారు’ అని వేరే భాషలో అడుగుతారు. సాక్షిగా తిప్పుతారు. ఒక రోజు వేట పోతుంది, రెండో రోజూ పోతుంది. రాత్రికి రాత్రి మళ్లీ సముద్రంలో విసిరేయడమే మేలు అనుకుంటాడు. మర్నాడు అది ఇంకొకడి వలలో పడుతుంది.

చట్టం అతనికి శత్రువేమీ కాదు. ఆయుధాల చట్టం 1959, పేలుడు పదార్థాల చట్టం 1908 శిక్షించేది అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడాన్ని, చెడు ఉద్దేశంతో దాచడాన్ని. చూసి, ముట్టుకోకుండా, కబురు చెప్పడం ఏ సెక్షన్ కిందా నేరం కాదు. ఇంట్లో అలంకారానికి పెట్టుకుంటే మాత్రం నేరం అయ్యే అవకాశం ఉంది. కొందరి ఇళ్లలో తాతల నాటి ఖాళీ గుండు పూలకుండీగా నిలబడి ఉంటుంది, అది నిజంగా ఖాళీయో కాదో ఆ తాతకు తెలుసో లేదో ఎవరికి ఎరుక.

ఈ భయం పోవాలంటే జిల్లా పోలీసులు ఒక మాట బహిరంగంగా ఇవ్వాలి: కబురు చెప్పినవాడిని స్టేషన్ చుట్టూ తిప్పం. వీలైతే ఆ పూట కూలి ఇవ్వాలి. గొంతెమ్మ కోరిక కాదు. 2024 జులైలో బాలేశ్వర్ జిల్లా చాందీపూర్‌లో క్షిపణి పరీక్ష కోసం పది గ్రామాల నుంచి పదివేల మందికి పైగా ప్రజలను ఒక రోజు తరలించినప్పుడు పెద్దలకు తలకు 300 రూపాయలు, భోజనం ఏర్పాటు చేశారు. ప్రభుత్వం తన పరీక్ష కోసం కదిలించినప్పుడు కూలి ఇస్తుంది. జాలరి తనంతట తాను ఆగి కాపలా కాసినప్పుడు ఇవ్వడానికి ఏం అడ్డం?

వలలో పడితే

ఒడ్డున దొరికితే దూరం జరగొచ్చు. నడిసముద్రంలో, ఇరవై అడుగుల బోటులో ఎక్కడికి జరుగుతాం? బ్రిటన్ తన నావికులకు ఏటా ఇచ్చే సూచనల్లో దీనికి జవాబు ఉంది, మన బోటు సరంగులకు కూడా పనికొస్తుంది. వల ఇంకా నీళ్లలో ఉండగానే అనుమానం వస్తే పైకి లాగవద్దు, అవసరమైతే వల వదులుకోవాలి. డెక్ మీద పడ్డాకే చూసుకుంటే దాన్ని కొట్టవద్దు, శుభ్రం చేయవద్దు, విప్పవద్దు. ఇంజిను వేడికి, అదురుకు దూరంగా, దొర్లకుండా అడ్డాలు పెట్టి కట్టి, తడి గోనెలు కప్పి ఉంచాలి. ఆరనివ్వకూడదు. ఏ పరిస్థితిలోనూ రేవులోకి తీసుకురాకూడదు. వీహెచ్‌ఎఫ్ 16వ ఛానల్‌లో గానీ, ఫోన్ అందితే 1554కు గానీ తీర రక్షక దళానికి చెప్పి వాళ్లు చెప్పినట్టు చేయాలి.

వల వదులుకోవాలి అని రాయడం నాకు తేలిక. ఒక వల ఖరీదు ఎంతో, దాని కోసం తెచ్చిన అప్పు వడ్డీ ఎంతో తెలిసినవాళ్లు ఈ వాక్యం చదివి నన్ను తిట్టుకుంటారు. న్యాయమే. అందుకే మత్స్యశాఖ ఇచ్చే వల నష్టపరిహారంలో తుఫానుతో పాటు ఈ కారణాన్ని కూడా చేర్చమని అడగాలి. అది చేర్చనంత కాలం ఆ సూచన కాగితం మీదే ఉంటుంది.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటాయి, మనుషులు ఇంటి దగ్గర ఉంటారు, చేతిలో పని ఉండదు, పిల్లలకు సెలవులు. ఇసుకలో ఇనుము ఏరేది కూడా ఎక్కువగా అప్పుడే. గంజాం, పూరీ సంఘాలు ఈ విషయం మీద సమావేశం పెట్టదలిస్తే తేదీ ఆ రెండు నెలల్లో ఉండాలి, చోటు వల అల్లే పాక అయి ఉండాలి. బాంబ్ స్క్వాడ్ నుంచి ఒక ఉద్యోగిని రప్పించి, పేలుడు మందు తీసేసిన నమూనా గుండు ఒకటి పట్టుకురమ్మని, రాగి పట్టీ మీద ఆ ఏటవాలు గాట్లు చూపించమని అడగండి. ఆయన ఒడియాలో చెబితే పక్కన నిలబడి తెలుగులో చెప్పడానికి మనవాడు ఒకడు ఉండాలి.